ఛార్జి ఎక్కని కారు, కలిసొచ్చిన చెయ్యి

కారంటే తోసేది అన్న అభిప్రాయంతోనే నేను పెద్దవాణ్ణయ్యాను. ఇప్పటి పిల్లలకి కారంటే మీట నొక్కగానే కదిలేది, బెల్టు పెట్టుకోకపోతే కుయ్యికుయ్యిమంటూ అందరికీ చాడీలు చెప్పేది. మా కుర్రతనంలో, ఒడిశాలోని బరంపురంలో సంగతి వేరు. కారున్న ఇంటికి చుట్టాలు వస్తే, కాఫీ తాగి, యోగక్షేమాలు కనుక్కుని, వెళ్ళే ముందు మర్యాదగా ఓ చెయ్యి వేసి కారు తోసి మరీ వెళ్ళేవారు. తోసేటప్పుడు ఎవరు నిజంగా తోస్తున్నారో, ఎవరు ఊరికే చేతులు ఆనించి మూలుగుతున్నారో వెనక నుంచి చూస్తే తెలిసిపోయేది గనక, మనుషుల్ని అంచనా వెయ్యడానికి అదొక మంచి సాధనంగా కూడా ఉండేది. మా ఇంట్లో ఒక పెళ్ళిచూపులకి వచ్చిన అబ్బాయి ఇస్త్రీ బట్టలతో కారు తోశాడు. (ఆ సంబంధం ఖాయమైంది. ఇప్పటికీ ఆయన ఆ ఇంట్లో బరువులన్నీ తనే తోస్తున్నాడు.)

మా మేనమామ కాపురం లంజిపల్లిలో. (ఆంధ్రా నుంచి వచ్చే చుట్టాలు బోర్డు మీద ఈ పేరు చదివి ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. మాకు పుట్టినప్పటి నుంచీ అలవాటు గనక ఏమీ అనిపించదు.) పెద్ద బజారులో ఆయనకి పప్పుల హోల్‌సేల్ కొట్టు ఉండేది. ముత్తాతల నాటి వ్యాపారం. ఇంట్లో తెలుగు, కొట్లో ఒడియా, కోపం వస్తే రెండూ. ఆయన దగ్గరున్న కారు వయసులో నాకంటే పెద్దది. పుట్టుకతో తెల్లదే గాని కాలం గడిచేసరికి మీగడ రంగుకి తిరిగింది. ప్రతి గురువారం మావయ్య దాంట్లో అస్కా వెళ్ళేవాడు. అక్కడి కిరాణా కొట్లలో ఒక్కో బల్ల మీద కాసేపు కూర్చుని, టీ తాగి, ఎవరింట్లో పెళ్ళి కుదిరింది, ఎవరికి మోకాళ్ళ నొప్పులు తగ్గాయి అన్నీ విని, లేచి వచ్చేటప్పుడు చివరి మాటగా కందిపప్పు ఎన్ని బస్తాలు పంపమంటారని అడిగి వచ్చేవాడు. బ్యాంకులో పనిచేసే ఆయన కొడుకు, అంటే మా బావ, ఈ మాత్రానికి అంత దూరం వెళ్ళడం దేనికి, ఫోను చేస్తే సరిపోదా అనేవాడు. ఫోనులో పప్పు అడుగుతారు గాని బల్ల మీద కూర్చోమనరు కదా అనేది మావయ్య జవాబు.

ఆయన కారు నడిపే తీరు గురించి కొంచెం చెప్పాలి. ఇంజను గట్టిగా అరిస్తే తననెవరో తిట్టినట్టు నొచ్చుకునేవాడు. అందుకని దాన్ని నిద్రపోతున్న పసిబిడ్డని లేపకుండా ఎత్తుకున్నట్టు నడిపేవాడు. యాక్సిలరేటరు మీద పాదం ఉందో లేదో దానికే తెలియదు. అస్కా రోడ్డు మీద చెరకు బండి కూడా ఒక్కోసారి మమ్మల్ని దాటిపోయేది, ఎద్దులు వెనక్కి తిరిగి చూసేవి. దీనికి తోడు అత్త పెట్టిన నియమం ఒకటుంది. స్టీరింగు ముందు పలక మీద చిన్న గాజు పెట్టెలో మా ఊరి ఠాకురాణి అమ్మవారి పటం, దాని ముందు కందిగింజంత బల్బు. తాళం తిప్పగానే ఆ బల్బు వెలగాలి, అత్త దణ్ణం పెట్టుకోవాలి, అప్పుడే కారు కదలాలి. తను ఎక్కని రోజుల్లో కూడా అత్త వీధి గుమ్మంలో నిలబడి దీపం వెలిగిందో లేదో చూసుకుని గాని లోపలికి వెళ్ళేది కాదు.

ఇక నేను. ఎలక్ట్రికల్ డిప్లొమా చదివి, రెండు పేపర్లు మిగుల్చుకుని, ఉద్యోగం వచ్చే వరకు మావయ్య కొట్లో బస్తాలు లెక్కబెడుతూ ఉండేవాణ్ణి. ఇంట్లో వాళ్ళు నన్ను ఇంజినీరు అని పిలిచేవారు. ఆ పిలుపులో గౌరవం ఎంతో వెటకారం ఎంతో నేను ఎప్పుడూ తరచి చూడలేదు. చూస్తే నష్టం నాకే.

ఆ ఏడు చైత్రంలో అందరూ తారాతారిణి అమ్మవార్ల జాతరకి వెళ్ళొచ్చిన దగ్గర్నుంచీ కారుకి జబ్బు పట్టుకుంది. ఈ రోజు బాగానే నడుస్తుంది, మర్నాడో ఆ మర్నాడో తాళం తిప్పితే సెల్ఫు టక్కుమని ఒక్క మాట అని ఊరుకుంటుంది. బ్యాటరీ ఖాళీ. తీసుకెళ్ళి ఛార్జింగు పెట్టించి తెస్తే మళ్ళీ రెండు పూటల ముచ్చట. మావయ్య కొన్నాళ్ళకి ఎక్కడికి వెళ్ళినా ముందు వాలు వెతుక్కోవడం మొదలుపెట్టాడు. కారు వాలులో ఆపితే తోసేవాళ్ళ అవసరం లేకుండా జారుకుంటూ స్టార్టవుతుంది కదా. లంజిపల్లిలో వాలంటే రైలు వంతెన దిగే చోటే. కారు అక్కడ పెట్టి ఇంటికి నడిచి వచ్చేవాడు. కారున్నది నడవకుండా ఉండటానికని మా అమ్మ అనుకునేది. ఇది చూశాక ఆ అభిప్రాయం మార్చుకుంది.

వైద్యం అన్ని రకాలుగానూ జరిగింది. బ్యాటరీలో డిస్టిల్డ్ వాటర్ పోశాం. తర్వాత బ్యాటరీనే మార్చాం. ఫ్యాన్ బెల్టు వదులైందంటే కొత్తది వేశాం. డైనమోలో కార్బన్లు అరిగాయంటే అవీ మార్చాం. (అది నిజానికి ఆల్టర్నేటరు. కాని బరంపురంలో బ్యాటరీని నింపే ప్రతి యంత్రాన్నీ డైనమో అంటారు, నేనూ అదే అంటాను.) పాత బస్టాండు దగ్గర ఒక ఒడియా మిస్త్రీ ఉండేవాడు, అందరూ ఆయన్ని డైనమో బాబు అనేవారు. స్క్రూడ్రైవరు ఒక కొస ఇంజనుకి, ఇంకో కొస చెవికి ఆనించి, కళ్ళు మూసుకుని వినేవాడు. తర్వాత కారు స్టార్టు చేసి, వీధి వీధంతా ఉలిక్కిపడేలా ఇంజను అరిపించి, బ్యాటరీకి మీటరు తగిలించి, ముల్లు ఎంత చక్కగా లేచిందో మాకు చూపించి, గాడీ ఠిక్ అఛి ఆగ్యాఁ, బండి భేషుగ్గా ఉంది బాబూ అనేవాడు. నిజంగానే ముల్లు లేచేది. మావయ్య సంతోషంగా, నెమ్మదిగా, చప్పుడు లేకుండా ఇంటికి తోలుకొచ్చేవాడు. మర్నాడు టక్కు. ఇంకో మిస్త్రీ దగ్గరికి వెళితే ఆయనా ఇంజను అరిపించి, ముల్లు చూపించి, ఠిక్ అఛి అన్నాడు. బండి బాగుందని ఇద్దరు నిపుణులు చెప్పాక ఇక బాగులేనిదెవరో వేరే చెప్పక్కర్లేదు. మిస్త్రీలు కారు వంక చూడ్డం మానేసి మావయ్య వంక చూడ్డం మొదలుపెట్టారు.

ఇంతలో ఒక గురువారం మావయ్యకి జ్వరం వచ్చింది. అస్కా వెళ్ళకపోతే కొట్ల వాళ్ళు బెంగపెట్టుకుంటారని నన్ను పంపాడు. నేను కారు నేర్చుకున్నది ఒక స్నేహితుడి పాత జీపు మీద. ఎక్కగానే రెండుసార్లు యాక్సిలరేటరు తొక్కి ఇంజనుని గర్జింపజేస్తే గాని కదలకూడదని, అది డ్రైవరుకి శోభ అని మా గురువు (నాకంటే ఒక్క ఏడాది పెద్ద) చెప్పాడు. అలాగే చేసి వెళ్ళాను, అలాగే చేస్తూ వచ్చాను. మర్నాడు కారు సెల్ఫు మీద లేచింది. ఆ మర్నాడు కూడా. మావయ్య జ్వరం తగ్గి రెండు పూటలు తోలగానే మళ్ళీ టక్కు. ఇలా ఒకటికి నాలుగుసార్లు జరిగాక అత్త అసలు సంగతి కనిపెట్టింది. నాది హస్తవాసి. కొందరు వైద్యుల చేతి మందు పనిచేసినట్టు, కొందరు నాటిన మొక్క బతికినట్టు, నా చెయ్యి పడితే కారు బ్యాటరీ నిండుతుంది. డిప్లొమాలో మిగిలిన రెండు పేపర్ల సంగతి ఆ రోజు నుంచి ఇంట్లో ఎవరూ ఎత్తలేదు.

హస్తవాసి అనేది మా వ్యాపారస్తుల ఇళ్ళలో చిన్న విషయం కాదు. పొద్దున్నే బోణీ ఎవరి చేతి మీదుగా జరిగిందన్న దాన్ని బట్టి ఆ రోజంతా ఎలా గడుస్తుందో చెప్పేవాళ్ళ మధ్య మాట అది. లంజిపల్లిలో వార్త పాకింది. ఎదురింటివాళ్ళు కొత్త ఫ్రిజ్జు కొంటే స్విచ్చి వెయ్యడానికి నన్ను పిలిచారు. ఒకాయన స్కూటరుకి మొదటి కిక్కు నా చేత కొట్టించాడు (కిక్కు కొట్టేది కాలితో గనక హ్యాండిలు మీద చెయ్యి కూడా వెయ్యమన్నాడు). మా కొట్టు పక్కనున్న పట్టుచీరల ఆసామి రోజూ తాళం తీసే వేళకి నాకు టీ పంపి, తాగి ఓసారి వచ్చి గల్లాపెట్టె ముట్టుకుని వెళ్ళమనేవాడు. నేను చదివిన చదువు ప్రకారం ఇదంతా శుద్ధ అబద్ధమని నాకు తెలుసు. కాని టీ బాగుండేది. పైగా, నా చెయ్యి ఎందుకూ పనికిరాదని మా నాన్న అంతకు ముందు ఎన్నోసార్లు అనడం వల్ల, కాదనడానికి నాకు మనసు ఒప్పలేదు.

ఈ గొడవలో మావయ్య చిక్కిపోతున్నాడని మొదట గమనించింది బావ. ఒక రోజు మధ్యాహ్నం మార్కెట్టు మధ్యలో కారు ఆగిపోయి, వెనక బండ్లన్నీ హారన్లు కొడుతుంటే, మావయ్య ఒక్కడే దిగి తలుపు పట్టుకుని తోస్తున్నాడట. బ్యాంకు నుంచి వస్తూ బావ అది చూశాడు. చెడ్డవాడు కాదు. తండ్రికి ఎక్కడ గుండె పట్టుకుంటుందో అని భయపడ్డాడు. ఆ రాత్రి అన్నం దగ్గర తన నిర్ణయం చెప్పాడు. మిస్త్రీలు బండి బాగుందంటున్నారు. ఇంజినీరు తోలితే బాగానే ఉంటోంది. కాబట్టి నాన్న ఇక తోలడం మానెయ్యడం మంచిది, అస్కా సంగతి ఫోనులో చూసుకోవచ్చు. వచ్చే గురువారం నాన్నే తోలి చూడొచ్చు. కారు సవ్యంగా ఇల్లు చేరితే సరే, దారిలో ఆగితే తాళం తనకి ఇచ్చెయ్యాలి.

మావయ్య మజ్జిగ పోసుకుని అన్నం పూర్తి చేశాడు. చెయ్యి కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళినప్పుడు నీళ్ళు పోస్తున్న నాతో మాత్రం అన్నాడు.

"దానికి నా సెయ్యి పడ్డం నేదురా అల్లుడూ. ముసిలోణ్ణయిపోనానని దానికీ తెలిసిపోనాది."

నేను పుస్తకాల ప్రకారం కారుకి మనుషుల వయసు తెలియదని చెప్పొచ్చు. కాని నా చేతి మహిమకి రోజూ టీ తాగుతున్నవాణ్ణి, ఆయన చేతికి దోషం లేదని ఏ ముఖంతో చెప్పను?

గురువారం వచ్చింది. బ్యాటరీ నిండా ఛార్జి పెట్టించి తెచ్చాం. మావయ్య తోలడం, నేను పక్కన కూర్చోవడం. అత్త నాకు ఒక షరతు పెట్టింది. కారులో దేన్నీ ముట్టుకోకూడదు. కిటికీ పిడి కూడా తిప్పకూడదు. ముట్టుకుంటే ఆ గొప్ప నాదైపోతుంది గాని మావయ్యది కాదు. దారి పొడుగునా చేతులు ఒళ్ళో పెట్టుకుని పెళ్ళిపీటల మీద కూర్చున్నట్టు కూర్చున్నాను. హింజిలి ఊరు దాటాక చెమట పడితే తుడుచుకోవడానికి కూడా సందేహించాను. మావయ్య ఆ రోజు మరీ నెమ్మదిగా, మరీ మెత్తగా తోలాడు. ఎంత బాగా చూసుకుంటే అది అంత కరుణిస్తుందని ఆయన ఆశ. అస్కాలో బల్లల మీద కూర్చున్నాం, టీలు తాగాం. వెళ్ళొస్తానని చెప్పేటప్పుడు మాత్రం ఒక్కో కొట్టు దగ్గర మావయ్య మామూలు కంటే కాస్త ఎక్కువసేపు నిలబడ్డాడు. ఇదే ఆఖరు రావడమేమో అని అనుకుంటున్నాడని నాకు తెలుస్తూనే ఉంది.

అది చెరకు ఆడే కాలం. చక్కెర మిల్లు వైపు ట్రాక్టర్లు బారులు తీరి ఉన్నాయి. చలి రోజులు గనక తొందరగా చీకటి పడుతోంది, దీపాలు వెయ్యక తప్పలేదు. వేసిన కాసేపటికే అవి పసుపుకి తిరిగాయి. ఎదురుగా వచ్చిన మేకకి హారన్ కొడితే మేకే మాకంటే గట్టిగా అరిచింది. ఊరు దాటకుండానే ఒక ట్రాక్టరు వెనక ఆగాల్సి వచ్చి, ఇంజను ఒకసారి దగ్గి ఊరుకుంది. మావయ్య తాళం తిప్పాడు. టక్కు.

ఆయన స్టీరింగు మీద నుంచి చేతులు తీసి తొడల మీద పెట్టుకున్నాడు. చొక్కా జేబులోంచి రుమాలు తీసి, తిప్పిన తాళంచెవిని ఉన్నచోటే తుడిచాడు. ఇంకొకరికి ఇవ్వబోయే వస్తువుని తుడిచినట్టు తుడిచాడు.

నేను అటు చూడలేక పక్కకి చూశాను. అక్కడ పక్క వరసలోని ట్రాక్టరు వాడు కిందికి దిగి బీడీ కాల్చుకుని, మళ్ళీ ఎక్కి తాళం తిప్పాడు. వాడి మీటర్ల దగ్గర ఎర్రటి దీపం ఒకటి వెలిగింది. ఇంజను అందుకోగానే ఆరిపోయింది. వరస కదలలేదు గనక వాడు ఆపేశాడు, ఎర్రది మళ్ళీ వెలిగింది. నేను మా కారు పలక వైపు చూశాను. తాళం తిప్పి ఉన్నా అక్కడంతా చీకటే. అమ్మవారి ముందు బల్బు మాత్రం అగరొత్తి చివర నిప్పులా మినుకుమంటోంది. నిజానికి ఆ కారులో వెలిగేవాటికన్నా వెలగనివే ఎక్కువ. పెట్రోలు ముల్లు ఎప్పుడో నిద్రపోయింది, స్పీడు ముల్లు నేను పుట్టకముందే పోయిందంటారు. అందుకే ఒక దీపం లేదన్న సంగతి నాకు గాని, ఇద్దరు మిస్త్రీలకి గాని తోచలేదు. మనకీ అలాంటి ఎర్ర దీపం ఒకటి ఉండాలి కదా అని మావయ్యని అడిగాను.

"ఉండేది. అది అమ్మవారి దగ్గరున్నాది కదరా," అన్నాడు, తెలిసిన సంగతే అడిగినట్టు.

నేను నోరు తెరుచుకుని చూస్తుంటే విడమరిచి చెప్పాడు. "తారాతారిణి ఎల్లినపుడు అమ్మవారి బల్బు పోనాది. పొద్దున్నే కొట్లు ఏటుంటాయి సెప్పు? దీపం నేకపోతే ఎక్కనని మీ అత్త గుమ్మంలో నిలబడిపోనాది. సూస్తే ఈ ఎర్రది కనపడ్డాది. బండి ఆగుంటే ఎలుగుతాది, నడిస్తే ఆరిపోతాది. పనున్నపుడు కనపడకుండా, పని నేనపుడు ముందుకొచ్చి కూసునే గుమస్తాని నేను కొట్లోనే ఉంచను. కారులో ఎందుకు ఉంచుతాను? ఊడదీసి అమ్మవారికి పెట్టేసాను."

పాలిటెక్నిక్‌లో ఒక లెక్చరరు మధ్యాహ్నం భోజనాలయ్యాక క్లాసు తీసుకునేవాడు. మేమంతా తూగుతూ ఉండేవాళ్ళం. డైనమో తనంతట తాను కరెంటు పుట్టించలేదు, మొదట బ్యాటరీ నుంచి దానికి కాస్త కరెంటు అందాలి అని ఆయన చెప్పిన మాట ఆ చెరకు ట్రాక్టర్ల మధ్య నాకు మెలకువ వచ్చినట్టు గుర్తొచ్చింది. ఆ కాస్త కరెంటు వెళ్ళే దారే ఆ ఎర్ర బల్బు. మావయ్యకి వైర్ల సంగతి చెబితే లాభం లేదని పెరుగు సంగతి చెప్పాను. ఎన్ని పాలు కాచినా తోడు చుక్క వేస్తేనే పెరుగవుతుంది. ఆ ఎర్ర దీపం వెలిగినప్పుడు డైనమోకి తోడు పడుతుంది. తోడుకున్నాక దానితో పని లేదు గనక ఆరిపోతుంది. మరి నువ్వు తోలితే ఎలా నిండుతోందని అడిగాడు. సరిగా కడగని కుండలో పాత పెరుగు కాస్త అంటుకుని ఉన్నట్టు డైనమోలో కొంచెం శక్తి మిగిలి ఉంటుంది, ఇంజనుని గట్టిగా అరిపిస్తే దాంతోనే ఎలాగో తోడుకుంటుంది, నేనూ మిస్త్రీలూ అరిపిస్తున్నాం, మీరు అరిపించరు, అంతే తేడా అన్నాను.

"అంటే ఇన్నాళ్ళూ తోడెయ్యకుండా పెరుగు కోసం కూసున్నానన్న మాట." తర్వాత గొంతు తగ్గించి అడిగాడు. "అయితే నా సెయ్యి మంచిదేనా?"

"చెయ్యి మంచిదే మావయ్యా. కాలే నెమ్మది."

ఆయన తలుపు తీసుకుని దిగి, కారు చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి కూర్చున్నాడు. అమ్మవారికి దణ్ణం పెట్టి, అప్పు తీసుకుంటున్నానని, రేపే తిరిగిచ్చేస్తానని చెప్పి, బల్బు ఊడదీసి నాకిచ్చాడు. నేను పలక కిందికి దూరి, వేలాడుతున్న హోల్డరు వెతికి బిగించాను. అత్త షరతు అప్పటికి చెల్లిపోయిందని ఇద్దరం ఒప్పుకున్నాం. చెరకు కూలీలు నలుగురు వచ్చి తోశారు. తాళం తిప్పి ఉన్న పలక మీద ఎర్ర దీపం సన్నగా వెలిగింది. మావయ్య క్లచ్చి వదిలాడు, ఇంజను అందుకుంది, ఎర్రది ఆరిపోయింది. ఎదురుగా ట్రాక్టరు మీది చెరకు గడలు ఒక్కొక్కటీ లెక్కపెట్టగలిగేంతగా మా దీపాలు తెల్లబడ్డాయి. మావయ్య ఇల్లు చేరేదాకా అలాగే, తన నెమ్మదిలోనే తోలాడు. వంతెన దగ్గర వాలులో ఆపకుండా నేరుగా ఇంటి ముందుకి తెచ్చి, చదునైన చోట ఆపాడు. ఆపి మళ్ళీ స్టార్టు చేశాడు. మళ్ళీ ఆపాడు, మళ్ళీ స్టార్టు చేశాడు. పక్కింటివాళ్ళు కిటికీలోంచి చూస్తే ఇంకోసారి చేశాడు. ఇలా చేస్తే ఎక్కిన ఛార్జి కాస్తా పోతుందని చెప్పాల్సి వచ్చింది.

ఇంట్లో నేను తోడు సంగతి, పెరుగు సంగతి, పాత కుండ సంగతి అందరికీ వివరంగా చెప్పాను. డిప్లొమా పొడుగునా నేను అంత బాగా ఏ జవాబూ రాయలేదు. అత్త మొత్తం విని, వెళ్ళి కారులో ఖాళీగా ఉన్న గాజు పెట్టె చూసి వచ్చి, కళ్ళు ఒత్తుకుంది.

"తన దీపం తీసి ఇచ్చేసి మీ మావయ్యని ఇంటికి పంపినాది తల్లి," అంది.

జరిగింది అక్షరాలా అదే. లంజిపల్లిలోనూ పెద్ద బజారులోనూ ఈ కథే నిలిచింది. ఎలక్ట్రికల్ కథ నిలవలేదు. కారు నిండింది అమ్మవారి దయ వల్లేనని తేలిపోయాక నా చేతికి గిరాకీ పడిపోయింది. చీరల ఆసామి టీ పంపడం మానేసి, ఠాకురాణి పటం ఒకటి కొని గల్లాపెట్టె మీద పెట్టుకున్నాడు. అమ్మవారికి మర్నాడే కొత్త బల్బు వచ్చింది, పాతది ఎక్కడ ఉండాలో అక్కడే ఉంది. బావ వారం రోజులు పొద్దున్నే లేచి, చదునులో పెట్టిన కారు తండ్రి చేతిలో స్టార్టవుతుందో లేదో కాఫీ గ్లాసుతో నిలబడి చూశాడు. ఎనిమిదో రోజు చూడ్డం మానేశాడు. తాళం గురించి మళ్ళీ ఎవరూ మాట్లాడలేదు.

ఆ తర్వాత నాకు విద్యుత్తు శాఖలో ఉద్యోగం వచ్చింది, కొన్నేళ్ళు గడిచాయి. మావయ్య గురువారాలు అస్కా వెళుతూనే ఉన్నాడు. ఒకసారి సెలవుకి వచ్చినప్పుడు నేనూ పక్కన కూర్చుని వెళ్ళాను. తిరిగి వస్తుంటే మునిమాపు వేళ హింజిలి ఇవతల ఆయన కారు పక్కకి తీసి ఆపి, ఇంజను కట్టేశాడు. నాకు ఉత్సాహం వచ్చేసింది. ఏమీ అడక్కుండానే దిగి బానెట్ ఎత్తి, బెల్టు నొక్కి చూసి, బ్యాటరీ బిగింపులు చూసి, ఒక వైరు పీకి మళ్ళీ పెట్టి, ఎర్ర దీపం వెలుగుతోందా మావయ్యా అని అరిచాను. జవాబు లేకపోతే తల ఎత్తి చూశాను. ఆయన దిగి నా పక్కనే నిలబడి ఉన్నాడు, తాళంచెవి నా వైపు చాపి.

"బండికి ఏటీ అవనేదురా. ఎదరొచ్చే బండికి నాలుగు దీపాలు కనపడతన్నాయి. అందులో ఏ రెండు నిజమో నువ్వు సూసుకో."

అలా అనేసి, చుట్టూ తిరిగి వెళ్ళి, పక్క సీట్లో కూర్చుని తలుపు వేసుకున్నాడు. ఎవరూ అడగలేదు, ఎవరూ షరతు పెట్టలేదు. నేను బానెట్ మూసి చాలాసేపు చేతులు తుడుచుకుంటూ నిలబడిపోయాను. ఏడుపొచ్చింది. లోకంలో ఏ చిక్కు వచ్చినా ఎక్కడో ఒక బల్బు ఊడిపోయి ఉంటుందని, వెతికి బిగిస్తే అంతా సర్దుకుంటుందని ఆ వయసులో నాకు గట్టి నమ్మకం ఉండేది. రోడ్డు పక్కన బానెట్‌లో తల దూర్చి, ఏమీ చెడని బండిలో అంత శ్రద్ధగా లోపం వెతుకుతున్న ఆ కుర్రాడు ఇప్పుడు గుర్తొస్తే నవ్వొస్తుంది, వాడి మీద కాస్త ముచ్చటగానూ ఉంటుంది.